అడ్‌హాక్ కమిటీ తాత్కాలిక కమిటీయేనా?

కోటిపల్లి: గుడికి అడ్‌హాక్ కమిటీ వేస్తే పేపర్లలో తాత్కాలిక కమిటీ అని రాస్తారు. నాకా మాట అతకడం లేదు. 'ఆపద... ధనం రక్షేత్', అంటే ఆపద కోసం డబ్బు దాచుకోవాలి అని చదువుకున్నాం కదా, అక్కడ ఆపదర్థేనా, ఆపదర్థమా? 'కోసం' అని చెప్పే ఆ 'అర్థ' శబ్దంలోనే అడ్‌హాక్‌కి సరైన మాట దొరుకుతుందని నా నమ్మకం.

తణుకు: అర్థే అండి. అడ్‌హాక్ అంటే లాటిన్లో 'దీనికోసం', అంతే. హిందీవాళ్లు తదర్థ సమితి అంటారు. కాలం ఊసే లేదు.

నర్సాపురం: మూలంలో లేకపోతేనేం, వాడుకలో ఉందిగా మాస్టారూ. అడ్‌హాక్ లెక్చరర్ అంటే ఎప్పుడు తీసేస్తారోనని టెన్షన్ పడే మనిషే.

కోటిపల్లి: పోలవరం కాఫర్ డ్యామ్ ఉంది, అసలు డ్యామ్ కట్టుకోవడానికి గోదారిని స్పిల్‌వే వైపు మళ్లించే కట్ట. తాత్కాలికమే, కానీ ముందే డిజైన్ గీసి కట్టింది, దాన్ని అడ్‌హాక్ అంటామా? అదే వరద రాత్రి ఏటిగట్టుకి ఊరివైపు బుంగ పడితే, దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు కాస్త ఎక్కనిస్తాం, ఒత్తిడి తగ్గి మట్టి కొట్టుకురావడం ఆగుతుంది. అప్పటికప్పుడు, ఆ బుంగ కోసమే. అదీ అడ్‌హాక్.

మండపేట: ఆయ్, దానికి ఆపద్ధర్మం అనే మాట ఉందండీ! ఎన్నికలప్పుడు ఆపద్ధర్మ ప్రభుత్వం అనడం లేదూ? శాంతిపర్వంలో దాని మీద ఒక ఉపపర్వమే ఉంది. తిక్కనగారి తెలుగులో ఓసారి చదవండి.

తణుకు: రాజమహేంద్రవరం పక్కనే ఉండి నన్నయ్యగారిని వదిలేసి నెల్లూరు పోతారేం? 'శారదరాత్రు లుజ్జ్వల' అని ఎత్తుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మండపేట: నాకూ అంతే. కానీ ఆయన అరణ్యపర్వంలోనే ఆగిపోయారు, శాంతిపర్వం కావాలంటే తిక్కనగారి గడప తొక్కాల్సిందే. ఇక అర్థే, అర్థం రెండు పాఠాలూ ఉన్నాయి. ఛందస్సు కూడా తేల్చదు, ఎలా చదివినా నాలుగో అక్షరం గురువే.

తణుకు: ఛందస్సు తేల్చకపోయినా చెవి తేలుస్తుంది. 'అర్థే ధనం'లో ఉన్న నడక 'అర్థం ధనం'లో లేదు, రెండు సున్నాలు దగ్గరదగ్గరగా పడి నాలుక తట్టుకుంటుంది.

నర్సాపురం: సరే గానీ, గుడి బోర్డు మీద 'తదర్థ సంఘం' అని రాస్తే మా ఊళ్లో ఎంతమందికి తెలుస్తుందండీ?