అప్‌డేట్: పొటాషియం 6.2, కింద "హీమోలైజ్డ్" అని రాసిన రిపోర్టు సంగతి తేలింది

హన్మకొండలో తీయించిన నాయన రక్తం రిపోర్టును నమ్మాల్నా అని ఇక్కడ అడిగిన కదా: పొటాషియం 6.2, "హైపర్‌కలీమియా" (రక్తంలో పొటాషియం ఎక్కువుండుడు), కింద చిన్నగ "శాంపిల్ హీమోలైజ్డ్" (తీసిన రక్తంలో ఎర్రకణాలు పగిలినయ్). జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్. "మందుకంటే ముందు రక్తం మళ్లీ తీయించండి" అన్న సలహానే పనిచేసింది. డాక్టర్ ఈసీజీ చూసి, తేడా లేదని, అదే రోజు మళ్లీ శాంపిల్ పంపిండు. 4.4 వచ్చింది. నార్మల్ 3.5 నుంచి 5 దాకా.

హైపర్‌కలీమియా, హీమోలైజ్డ్ రెండు మాటల్లోనూ ఉన్నది గ్రీకు "హైమా", అంటే రక్తమే. ముందొస్తే హీమో, హెమటో. చివరొస్తే హ పోయి "ఎమియా". కలీమియా అంటే రక్తంలో పొటాషియం (నడుమ "కలి" మాత్రం లాటిన్ కాలియం, అందుకే గుర్తు K). లైసిస్ అంటే పగలడం. ఎర్రకణం లోపల పొటాషియం బయటి ప్లాస్మాలోకన్నా 20 రెట్ల పైనే ఉంటది; సన్నసూదితో సిరంజి గట్టిగ గుంజినా, ట్యూబును ఊపినా కణాలు పగిలి అదంతా సీరంలోకి (రక్తం గడ్డకట్టినంక పైన తేలే నీళ్లలోకి) దిగి, అంకె ఉత్తగనే పెరుగుతది. సీరం గులాబీరంగుకు తిరుగుతది. రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే కట్టు నిమిషం దాటి ఉంచి, పిడికిలి మూసి తెరిపిస్తే కణాలు పగలకున్నా అంకె పెరగొచ్చు.

హీమోలిటిక్ అనీమియా (ఒంట్లోనే ఎర్రకణాలు పగిలి రక్తం తగ్గే జబ్బు) అన్న అనుమానం ఇక్కడ వర్తించలేదు: హిమోగ్లోబిన్, బిలిరుబిన్ రెండూ మంచిగనే ఉన్నయ్. పొటాషియం ఎక్కువుండే అరటిపండ్లు, కొబ్బరినీళ్లు బంద్ పెట్టే పనీ పడలేదు.

అయితే కిడ్నీ జబ్బున్నోళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళీలు వాడేటోళ్లు (వీళ్లకు పొటాషియం నిజంగనే పెరగొచ్చు) "హీమోలైజ్డే కదా" అని వదిలెయ్యొద్దు. అదే రోజు మళ్లీ తీయించాలె.