తుంటి మార్పిడి తర్వాత చీము: కడిగి ఉంచాలా, ఊడదీయాలా?

నెల్లూరోడు
అందరికీ నమస్కారం. నాయనకి చెన్నైలో ఎడమ తుంటి మార్పిడి అయి ఏడో వారం నడుస్తా ఉంది. రక్తం అందక తొడ ఎముక బంతి చచ్చిపోయిందని చేశారు, సిమెంట్ లేని రకం వేశారు. పోయిన వారం చలిజ్వరం వచ్చింది, కుట్టు కింది చివర చీముబొట్టు కనపడింది. సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష) 86. కీల్లోంచి నీళ్లు లాగి కల్చర్‌కి (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకి) పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి అని తేలింది, మామూలు మందులకి లొంగే రకమేనంట.

ఆపరేషన్ చేసిన డాక్టరేమో తెరిచి కడుగుతాను, బాల్ (కీలు బంతి), లైనర్ (కప్పు లోపల కూర్చునే గిన్నె) కొత్తవి వేస్తాను, స్టెమ్మూ (తొడ ఎముకలోకి దిగిన కాడ) కప్పూ (తుంటి గుంటలో బిగించింది) అట్నే ఉంచుతాను, మూడు నెలలు మందులు వాడాలి అంటున్నారు. ఇంకోచోట చూపిస్తే, నాలుగు వారాలు దాటినాక కడిగి లాభం లేదు, మొత్తం తీసి స్పేసర్ (మందు కలిపిన తాత్కాలిక కీలు) పెట్టి, ఇన్ఫెక్షన్ తగ్గినాక కొత్తది వేద్దాం అన్నారు. అమ్మది మొదటి పక్షం, బావది రెండో పక్షం. సెంట్రల్ దగ్గర లాడ్జిలో ఉన్నాం, సోమవారానికి ఏదో ఒకటి చెప్పాలి.

చూళైమేడు శ్రీను
ఉంచుకోండి. మా అమ్మకి అలాగే కడిగి ఉంచారు, ఇప్పుడు కోయంబేడు మార్కెట్‌కి తనే వెళ్లొస్తోంది. ఆ రెండో డాక్టరు చెప్పిన నాలుగు వారాల లెక్క సగమే. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2013 మార్గదర్శకాల్లో ఏముందంటే, కీలు వేసి సుమారు 30 రోజుల లోపు అయినా, లేదా లక్షణాలు మొదలై మూడు వారాల లోపు అయినా, ఇంప్లాంట్ గట్టిగా ఉండి, చర్మం దాకా చీముదారి పడకపోతే కడిగి ఉంచడం ఆలోచించవచ్చు అని. మీ నాన్నగారికి జ్వరం పోయిన వారమేగా? రెండో షరతులో సరిపోతారు.

అంబత్తూర్ రావు
శ్రీనుగారూ, మీ ఇంట్లో నిలబడింది, సంతోషం. నాకు నిలబడలేదు. ఒకసారి కడిగారు, మళ్లీ కడిగారు, చివరికి అంతా తీశారు. మొదటే తీసుంటే ఒక్క బాధతో పోయేది, డబ్బూ మిగిలేది.

ఇనుము మీద సూక్ష్మజీవి ఊరికే కూర్చోదు. నీళ్ల ట్యాంకు గోడకి పాచి పట్టినట్టు పొర కట్టుకుంటుంది, దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొర ముదిరాక లోపలున్నవాటిని చంపడం మామూలు యాంటీబయాటిక్‌కి చేతకాదు. రక్తపరీక్ష బాగుంటుంది, జ్వరం తగ్గుతుంది, మందు ఆపగానే మళ్లీ మొదలు. కడగడమంటే చాలామందికి వాయిదా వెయ్యడమే. మీ బావగారు చెప్పిందే వినండి.

రిటైర్డ్ థియేటర్ సిస్టర్
ఊడదీయడమంటే మేకు పీకినట్టు అనుకుంటున్నారు కొందరు. సిమెంట్ లేని స్టెమ్‌లోకి ఎముక పెరిగి పట్టుకుంటుంది, అది పట్టుకోవాలనే కదా వేసేది. ఏడో వారానికి ఆ పట్టు మొదలయ్యే ఉంటుంది. కొన్నిసార్లు తొడ ఎముకని పైనుంచి పొడవునా చీల్చి, తలుపులా తెరిచి తీసి, మళ్లీ తీగలతో కట్టాల్సి వస్తుంది. అలాంటి కేసుల్లో నేను నిలబడ్డాను, రక్తం చాలా పోతుంది, ఎముకా పోతుంది. ఆ పైన స్పేసర్‌తో వారాల తరబడి వాకర్ మీదే.

అలాగని కడగడం కూడా చిన్న పని కాదు. పాత కుట్టంతా తెరవాలి. చచ్చిన కండ, పొర అంతా కోసి తీసెయ్యాలి. అయిదారు చోట్ల నుంచి, ప్రతిదానికీ వేరే పరికరంతో శాంపిల్ తీయాలి. బాల్, లైనర్ విప్పాలి, ఎందుకంటే లైనర్ వెనకా కప్పు లోపలా ఉన్న సందులోకి అది విప్పకుండా చెయ్యి పోదు. లీటర్ల కొద్దీ సెలైన్ పోసి కడిగాక గ్లవ్స్, గౌన్లు, డ్రేపులు, ట్రే మొత్తం మార్చి అప్పుడు కొత్తవి వెయ్యాలి. లైనర్ ముట్టకుండా నీళ్లు కొట్టి మూసేసి ‘కడిగాం’ అనేవాళ్లూ ఉన్నారు. రావుగారికి ఏం చేశారో నాకు తెలియదు, అడగను కూడా.

బాబూ నెల్లూరోడూ, నాకు జ్వరం తేదీ వద్దు. ఇంటికి పంపినప్పటి నుంచి ఆ కట్టు ఎప్పుడైనా పూర్తిగా పొడిగా ఉందా? అది చెప్పు.

నెల్లూరోడు
సిస్టరమ్మా, మంచి మాట అడిగారు. ఇంటికి తెచ్చిన మొదటి వారం గాజుగుడ్డ తడిసేది, నీళ్ల మాదిరి పసుపు రంగు. ఫోన్‌లో అడిగితే కుట్ల రియాక్షన్ అన్నారు. ఊళ్లో డాక్టరు ఒక కోర్సు మాత్రలు రాసిచ్చాడు, ఆరిపోయింది. మళ్లీ కొన్నాళ్లకి తడి, మళ్లీ ఇంకో కోర్సు. అమ్మ కట్టు మార్చినప్పుడల్లా ఫొటో తీసి అక్కకి వాట్సాప్‌లో పంపింది, తేదీలతో సహా ఉన్నాయి. ఇవి ఏ డాక్టరుకీ చూపించలేదు, ఎవురూ అడగలా.

చూళైమేడు శ్రీను
పైచర్మం కారడం వేరు, కీలు లోపల చీము వేరు. తడి కట్టు చూసి ఏడు వారాల ఇన్ఫెక్షన్ అనెయ్యడం తొందరపాటు.

రిటైర్డ్ థియేటర్ సిస్టర్
వేరే, ఒప్పుకుంటాను. కానీ కుట్టు విప్పే రోజు దాకా ఆగకుండా కారిన గాయాన్ని కుట్ల రియాక్షన్ అని నేనైతే నమ్మను. ఆ మాత్రలు లోపలి నిప్పు మీద బూడిద కప్పాయి, అంతే. ఫొటోలు ఇద్దరికీ చూపించు. పోయిన వారం మొదలైన జబ్బుకి ఇచ్చిన సలహాలు అవి. జబ్బు వయసు ఎక్కువైతే సలహా మారాలి.

ల్యాబ్ మనిషి
మైక్రోబయాలజీలో పని చేస్తాను, ఒక పక్షం అని లేదు.

సూక్ష్మజీవి దొరికింది, అదీ మెథిసిల్లిన్ రకం యాంటీబయాటిక్‌కి లొంగే స్టాఫ్ (స్టెఫైలోకాకస్). ఇది మంచి వార్తే. స్టాఫ్ పొరలోకి దిగి పనిచేసే మందు రిఫాంపిసిన్, మనకి టీబీ మందుగా తెలిసిందే. 1998లో స్విట్జర్లాండ్ వాళ్లు జామా పత్రికలో అచ్చేసిన పరీక్షలో, ఇంప్లాంట్ ఉంచి మందుల కోర్సు పూర్తిచేసిన వాళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి రిఫాంపిసిన్ కలిపినవారు 12కి 12 మందీ బాగయ్యారు, కలపనివారు 12కి 7. చిన్న పరీక్ష. తర్వాత 2020లో నార్వే వాళ్లకి అంత తేడా కనపడలేదు. అయినా ఇప్పటికీ వాడుతున్నారు. ఒక్కదాన్నే ఇవ్వకూడదు, రోజుల్లో నిరోధకత వస్తుంది. గాయం ఆరకముందే మొదలుపెట్టకూడదు. మన దేశంలో ఇంకో జాగ్రత్త, ఒంట్లో టీబీ లేదని చూసుకున్నాకే మొదలెట్టాలి.

మూడు నెలల కోర్సు మాట నిజమే. 2021లో ఫ్రాన్స్‌లో ఆరు వారాలు, పన్నెండు వారాలు పోల్చారు. మొత్తం మీద ఇన్ఫెక్షన్ పోనివాళ్లు ఆరు వారాల్లో 18.1 శాతం, పన్నెండులో 9.4. కడిగి ఉంచిన వాళ్లని విడిగా చూస్తే 30.7, 14.5. శ్రీనుగారు దీన్ని గెలుపుగా చదువుకోవచ్చు, రావుగారు పన్నెండు వారాలు మింగినా ఏడుగురిలో ఒకరికి పోలేదని చదువుకోవచ్చు. రెండూ అందులోనే ఉన్నాయి.

థియేటర్లో తీసే శాంపిళ్లని రెండు వారాలు ఉంచమని ముందే చెప్పండి. మాత్రలు మింగిన ఒంట్లో రెండో సూక్ష్మజీవి ఉంటే ఆలస్యంగా పెరుగుతుంది.

మందుల షాపు
రిఫాంపిసిన్ మొదలెడితే మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుంది, రక్తమని కంగారు పడొద్దు. నాన్నగారు షుగర్ మాత్రలు గానీ రక్తం పలచబడే మాత్రలు గానీ వేసుకుంటుంటే డాక్టరుకి చెప్పండి, వాటి బలాన్ని ఇది తగ్గిస్తుంది. ఇంకోటి, ఆరు వారాలూ ఇంజెక్షన్లే అని లాడ్జిలో కూర్చోబెడితే మాత్రలకి మార్చొచ్చా అని అడగండి. ఎముక ఇన్ఫెక్షన్లలో నోటి మందు తీసిపోదని 2019లో బ్రిటన్ ఓవీవా పరీక్ష తేల్చింది. నెల్లూరు పోయి వాడుకోవచ్చు.

అంబత్తూర్ రావు
ఫొటోల సంగతి విన్నాక నేను ఇంకా గట్టిగా అంటాను, తీయించండి. అయితే రెండు విడతలే దిక్కని ఎవరన్నారు? సూక్ష్మజీవి పేరు తెలిసింది, మందుకి లొంగుతుంది, ఎముక బాగుంది. అలాంటప్పుడు ఒకే ఆపరేషన్లో పాతది తీసి కొత్తది వేసే పద్ధతి ఉంది. తుంటికే రెండు పద్ధతులూ పోల్చి 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో వేశారు, పద్దెనిమిది నెలలకి నొప్పిలో, నడకలో తేడా లేదు. నన్ను స్పేసర్ మీద కూర్చోబెట్టినప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తలేదు. మీరైనా ఎత్తండి.

నెల్లూరోడు
మొదటి డాక్టరుకి ఫొటోలు చూపించాను. చాలాసేపు చూశారు. ఉంచుతాను అని ముందే మాటివ్వను, తెరిచాక స్టెమ్ కదిలినా, ఎముక లోపలికి చీము పోయినా తీసేస్తాను, గట్టిగా ఉంటేనే కడిగి ఉంచుతాను, రెండింటికీ సంతకం పెట్టండి అన్నారు. రావుగారు చెప్పిన ఒకే విడత గురించి అడిగితే అదీ రాసుకున్నారు. బావ మాత్రం ఇంకా ఒప్పుకోలా. అమ్మ సరేనంది.

రిటైర్డ్ థియేటర్ సిస్టర్
అది సరైన మాట. మళ్లీ కారితే ఇంకెన్నిసార్లు కడుగుతారో కూడా ఇప్పుడే అడుగు. రెండోసారి దాటి కడుగుతానంటే ఒప్పుకోకు.

ఇంకో పని ఉంది, ఈరోజే చెయ్యి. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి, కంపెనీ, సైజు, లాట్ నంబరుతో. ఆ కప్పుకి ఆ కంపెనీ లైనరే కూర్చుంటుంది, వేరేది కూర్చోదు. స్టిక్కర్ల ఫొటో తీసి డాక్టరుకి పంపు, సోమవారం లోపు లైనర్, బాల్ తెప్పించమను. దాంతోపాటు స్టెమ్ తీసే సెట్ కూడా థియేటర్లో ఉండాలి. ఆదివారం కంపెనీ మనిషి ఫోన్ ఎత్తడు.