బాఖ్ సంగీతానికి కూచిపూడి, అదీ వీఆర్‌లో: ఒప్పుకుంటారా?

మాదాపూర్_కోడర్: జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కోసం రాసిన సూట్‌లోని సారబాండ్ అనే నాట్యభాగానికి కూచిపూడి పెట్టి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ప్రదర్శన తయారుచేస్తున్నాం. హెడ్‌సెట్ పెట్టుకుని నర్తకి చుట్టూ తిరిగి చూడొచ్చు. ఒక పెద్దాయన సంప్రదాయం చెడగొట్టొద్దన్నారు. మీరేమంటారు?

నట్టువాంగం: సారబాండ్‌లో మూడు మాత్రలు, బరువు రెండోదాని మీద. మన అడుగు సమం, అంటే తాళంలో మొదటి మాత్ర మీద నిలబడాలి. ఎలా కలుపుతారు బాబూ?

తార్నాక_చెల్లో: ఎందుకు కలవదండీ? ఆ సూట్‌లంటేనే నాట్యాల వరస: అలమాండ్, కూరాంట్, సారబాండ్, చివర జీగ్. ముత్తుస్వామి దీక్షితార్ పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం రాయలేదా?

నట్టువాంగం: దీక్షితార్ సంగతి నేనడగలేదు. రెండో మాత్ర సంగతి చెప్పండి.

వెనకవరస: హెడ్‌సెట్ పెడితే నాకు కళ్ళు తిరుగుతాయి.

మాదాపూర్_కోడర్: సెకనుకు 90 ఫ్రేములు (బొమ్మలు) నిలబడితే అది చాలావరకు తగ్గుతుందండీ. మాత్ర విషయానికొస్తే, గజ్జె రెండోదాని మీద మోగేలా అడుగు కొత్తగా కూర్చాం.

బర్కత్‌పుర_నాట్యం: అడుగు సరే, కళ్ళో? నాట్యాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒంటికి అంటించే మార్కర్లు కీళ్ళ కదలికే పట్టుకుంటాయి, చూపుని పట్టవు. పోయినేడు ఒక స్టూడియోకి తరంగం చేసిచ్చాను. పళ్ళెం అంచు కాలివేళ్ళతో పట్టుకుని, ఒంటినిండా మార్కర్లతో. తయారైన బొమ్మది నా నడకే, ముఖం మాత్రం ఇంకెవరిదో. పేరు వెయ్యలేదు. అదే నడక తర్వాత ఓ ప్రకటనలో కనిపించింది.

మాదాపూర్_కోడర్: వాళ్ళు చేసినదానికి మమ్మల్నంటే ఎలా మేడం?

బర్కత్‌పుర_నాట్యం: మీ ఒప్పందంలో ఏముందో చెప్పండి మరి.

మాదాపూర్_కోడర్: డబ్బు ఒక్కసారే ఇస్తాం. డేటా మాది.

నట్టువాంగం: అదీ అసలు సంగతి! నర్తకి పళ్ళెం మీద తడబడితే నేను జతి (నోటితో చెప్పే సొల్లులు) ఇంకో ఆవృతం, అంటే తాళం ఇంకో చుట్టు సాగదీస్తాను. మీరు పెట్టే రికార్డు సాగదు. ఆవిడ దాని వెంట పరిగెత్తాల్సిందే. మృదంగానికి, వయొలిన్‌కి, నాకు ఇక పిలుపే రాదు. ఇన్నిసార్లు మాత్ర గురించి ఎందుకడిగానో ఇప్పుడైనా తెలిసిందా?

తార్నాక_చెల్లో: ఈ మాటకి నేను మీ పక్షమేనండీ. బాఖ్ నాటి బరోక్ కాలంలో ఫ్రాన్స్ నాట్యగురువులు బుల్లి వయొలిన్ తామే వాయిస్తూ అడుగు నేర్పేవాళ్ళు. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చెయ్యండి.

మాదాపూర్_కోడర్: గజ్జెల చప్పుడు చెల్లో మైకులోకి వచ్చేస్తుంది. అప్పుడు ఏ శబ్దం ఎటునుంచి రావాలో విడదీసి పెట్టడం కష్టం.

బర్కత్‌పుర_నాట్యం: ఆ కష్టం మీరు పడండి. నా పేరు వేస్తామని, ప్రతి వాడకానికీ నన్నడుగుతామని రాసివ్వండి, రేపే వచ్చి చేస్తాను.

మాదాపూర్_కోడర్: పేరు వేస్తాం. రెండోది కుదరదండీ, పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒప్పుకోరు.

బర్కత్‌పుర_నాట్యం: అయితే ఇంకెవరినైనా చూసుకోండి. నా శిష్యుల్లో ఒక్కరినీ పంపను.