పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు: దయచేసి ఎవరైనా చెప్పండి

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఇదే పనిమీద ఉండి, ఓపిక నశించి ఇక్కడ రాస్తున్నాను. ఈమధ్యనే ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. ఇదివరకు నడిపిన చిన్న కారులో గేర్లు వేలితో నెట్టినా పడేవి. ఇందులో మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ బండి ఒక ఊపు ఊగుతుంది, కింద ఎక్కడో టక్కుమంటుంది, అప్పుడప్పుడు గేరు కరకరలాడుతుంది. పక్కన కూర్చున్న మా ఆవిడ సిగ్నల్ కనబడగానే ముందున్న కడ్డీ పట్టుకుంటోంది. క్లచ్ పూర్తిగానే తొక్కుతున్నాను, వీడియోలలో చెప్పినవన్నీ చేసి చూశాను. సాఫీగా మార్చే కిటుకు తెలిసినవారు చెప్పగలరు.

గ్రీజు చేతులు:
ఏ బండి? ఏ గేరులో కరకర? పైకి వేసేటప్పుడా, కిందికి దించేటప్పుడా? ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
మారుతీ జిప్సీ అండీ, ఐదు గేర్లది, పెట్రోలు. కరకర రెండో గేరులోనే, అదీ మూడు నుంచి రెండుకు దించేటప్పుడు ఎక్కువ. కుదుపు మాత్రం అన్ని గేర్లలోనూ ఉంది.

జయనగర విశ్రాంత:
నాయనా, ముందు గేర్ ఆయిల్ సంగతి చూడు. ఇవాళ చాలా షెడ్డులలో ఒకే డబ్బాలోని జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే రకం) నూనెను గేర్‌బాక్సుకూ, డిఫరెన్షియల్‌కూ (ఇరుసు మధ్యలో ఉండి, మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) కలిపి పోసేస్తున్నారు. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ (ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే) పళ్ల మీద ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి దానికి జీఎల్-5 తగినదే. గేర్‌బాక్సులో మాత్రం ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. గేరు పడే ముందు అవి ఎదుటి గేరు మీది శంకువును ఒరుసుకుని రాపిడితో దాని వేగాన్ని సరిచేసుకోవాలి. నూనె మరీ జారుడుగా ఉంటే ఆ రాపిడి చాలదు, పైగా అందులో కలిపే గంధక సమ్మేళనాలు కొన్ని ఇత్తడిని తినేస్తాయి. మాన్యువల్‌లో జీఎల్-4 అని రాసి ఉంటే జీఎల్-4 పోయించడమే ధర్మం. ఈ విషయం చెబితే కుర్ర మెకానిక్కులు నవ్వుతున్నారు గానీ, నేను చెప్పడం మానలేదు.

గ్రీజు చేతులు:
నూనె తర్వాత, క్లచ్ ముందు. ఇంజనును ఐడిల్‌లో ఉంచండి, క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగండి, రివర్స్ వేయండి. కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. జిప్సీకి కేబుల్ క్లచ్, కేబుల్ సాగుతుంది.

ఘాట్ రోడ్డు:
కొత్తవాడు గారూ, మీరు రెండు వేర్వేరు బాధలను ఒకే మూట కట్టారు. కరకర గేర్‌బాక్సుది, టక్కుమనే కుదుపు ఆ వెనక ఉన్న సరంజామాది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు, విడిగా వేలాడుతూ ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి దానికి ఒక పొట్టి షాఫ్టు, అక్కడి నుంచి ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఇరుసుకు ఒకటి వెళతాయి. వీటి చివర్లలోని జాయింటు క్రాసుల్లోనూ, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లలోనూ, డిఫరెన్షియల్‌లోనూ ఏళ్ల తరబడి అరుగుదలతో వచ్చిన కొద్దికొద్ది వదులు అంతా కలిస్తే చాలానే అవుతుంది. బండిని చదునైన చోట ఆపి, ఇంజను కట్టేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరులో ఉంచి, కిందికి వంగి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. ఆ టక్ టక్ మీ చేతికే తెలుస్తుంది.

ఇంత వదులున్న బండిలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు చటుక్కున తీస్తే ఆ వదులంతా ఒక వైపుకు, మళ్లీ తొక్కితే ఇంకో వైపుకు కొట్టుకుంటుంది. కాబట్టి గేరు కర్ర కంటే ముందు కుడికాలిని అదుపులో పెట్టుకోవాలి. క్లచ్ తొక్కే ముందు యాక్సిలరేటర్‌ను అర సెకను పాటు నెమ్మదిగా వదలండి. గేరు పడ్డాక క్లచ్‌ను పట్టు దొరికే చోటు వరకు తొందరగానే వదిలి, అక్కడ ఒక్క క్షణం నిలిపి, షాఫ్టుల్లోని వదులు బిగుసుకున్నట్టు తెలిశాకే యాక్సిలరేటర్ తొక్కండి. మునిసిపల్ కుళాయి తిప్పినట్టు మెల్లగా తొక్కాలి, స్విచ్ వేసినట్టు కాదు.

ఒకటి నుంచి రెండుకు వేసేటప్పుడు తొందరపడకండి. ఆ రెండు గేర్ల నిష్పత్తుల మధ్య దూరం ఎక్కువ, ఒకటో గేరుది సుమారు 3.65 అయితే రెండో గేరుది 1.95. అంటే ఇంజను వేగం దాదాపు సగానికి పడిపోవాలి. కర్రను న్యూట్రల్‌లో ఒక్క లిప్త ఆపి, అరచేత్తో మెత్తగా నెట్టి ఉంచితే సింక్రో తన పని ముగించుకుని గేరును తానే లోపలికి లాక్కుంటుంది. బలం పెడితే ఆ రింగే అరుగుతుంది.

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
చాలా వివరంగా చెప్పారు. మరి మూడు నుంచి రెండుకు దించడం?

ఘాట్ రోడ్డు:
అక్కడ వ్యవహారం తలకిందులు. మూడో గేరులో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంలో రెండో గేరుకు 2,700 దాకా కావాలి. ఆ తేడాను పాత సింక్రో రింగు మీద వదలకుండా మీరే పూడ్చండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయండి. బెంగళూరు దగ్గరి నంది కొండ మలుపులు దిగే ముందు ఇది చేతికి రావాలి. ఆదివారం తెల్లవారుజామున రద్దీ లేని దారి చూసుకుని సాధన చేయండి, ఎప్పుడూ కిక్కిరిసి ఉండే సిల్క్ బోర్డు కూడలి దగ్గర మాత్రం వద్దు.

జయనగర విశ్రాంత:
దీన్నే మేము రెవ్ మ్యాచింగ్ అనేవాళ్లం.

గ్రీజు చేతులు:
కాదండీ. క్లచ్ తొక్కి ఉంచి యాక్సిలరేటర్ తట్టడం రెవ్ మ్యాచింగ్. దానితో క్లచ్ వదిలినప్పటి కుదుపు మాత్రమే తగ్గుతుంది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే తప్ప గేర్‌బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ ద్వారా ఇంజను తిప్పేది) వేగం పెరగదు, సింక్రోకు భారం తగ్గదు. ఘాట్ రోడ్డు గారు చెప్పినది డబుల్ డీక్లచింగ్.

జయనగర విశ్రాంత:
పేరు ఏదైతేనేం, ఇంజను చుట్లు కలపడమే కదా. సరైన నూనె ఉంటే ఈ విన్యాసాలేవీ అవసరం పడవు.

గ్రీజు చేతులు:
అరిగిన రింగుకు ఏ నూనె పోసినా కొత్తది కాదు.

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
రివర్స్ పరీక్ష చేశాను, కరకరమంది. ఇంకో విషయం. మా అపార్టుమెంటు బేస్‌మెంటులో స్టీరింగు పూర్తిగా తిప్పితే బండిని ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగిపోతోంది, టైర్లు కీచుమంటున్నాయి. ఇది కూడా క్లచ్ వల్లనేనా? పక్కనున్న చిన్న లీవరును నేను ముట్టుకోలేదు, అమ్మినాయన పెట్టిన చోటే ఉంది.

గ్రీజు చేతులు:
ఆ లీవరు ఎక్కడుంది? 2హెచ్‌లోనా (వెనక రెండు చక్రాలే లాగేది), 4హెచ్‌లోనా (నాలుగూ లాగేది)?

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
4హెచ్. నాలుగు చక్రాలూ లాగుతుంటే మంచిదే కదా?

ఘాట్ రోడ్డు:
తారు రోడ్డు మీద మంచిది కాదండీ. జిప్సీకి ముందు, వెనక ఇరుసుల మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి, కానీ 4హెచ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగానికి కట్టుబడి ఉంటాయి. బురదలోనో ఇసుకలోనో టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది, పొడి రోడ్డు మీద జారలేక షాఫ్టులు మెలి తిరిగి బిగుసుకుంటాయి. మీ కుదుపులో కొంత భాగం దీనిదే. రెండో గేరు కరకరకు మాత్రం దీనితో సంబంధం లేదు, అది క్లచ్ కేబుల్‌ది, ఆపైన సింక్రోది. రోజువారీ తిరుగుడుకు 2హెచ్‌లో ఉంచండి. లీవరు బిగుసుకుని కదలకపోతే బలవంతం చేయకుండా, స్టీరింగు తిన్నగా ఉంచి బండిని రెండు మూడు మీటర్లు వెనక్కు పోనివ్వండి. బిగువు సడలి దానంతట అదే వస్తుంది.

జయనగర విశ్రాంత:
ట్రాన్స్‌ఫర్ కేసులో కూడా నూనె మట్టం ఒకసారి చూపించు నాయనా. దాని డ్రెయిన్ బిరడా వేరు, గేర్‌బాక్సు బిరడా వేరు. చాలామంది గేర్‌బాక్సులో నూనె మార్పించి, దాన్ని అలాగే వదిలేస్తారు.

వైట్‌ఫీల్డ్ కొత్తవాడు:
వెనక్కు పోనిస్తే లీవరు వచ్చిందండీ. కేబుల్ రేపు బిగించమన్నాను. థాంక్స్.

గ్రీజు చేతులు:
బిగించడం కాదు, పెడల్‌కు మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ ఆట ఉంచమనండి. మరీ బిగిస్తే క్లచ్ జారుతుంది.