జ్వరం ఐదు రోజులు దాటిన పిల్లలందరికీ గుండె మీద భారం చూపించే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష తప్పనిసరి చేయాలా?

మియాపూర్_శ్రావణి:
మా బాబుకి మూడేళ్లు. జ్వరం దిగట్లేదని తీసుకెళ్తే వైరల్ అని సిరప్ రాశారు. మళ్లీ వెళ్తే డెంగీ సీజన్ కదా అని ప్లేట్‌లెట్లు చూసి, బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి అన్నారు. ఇంకో ఆస్పత్రిలో ఎకో (గుండె స్కాన్) తీసేసరికి గుండెకి రక్తం తీసుకెళ్లే ధమని ఉబ్బి ఉంది. కవాసాకి జబ్బట, రక్తనాళాల గోడలు వాచిపోతాయి, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. వైద్యం లేకపోతే నలుగురిలో ఒకరికి ధమనులు ఉబ్బుతాయి. పది రోజుల్లోపు ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు నరం ద్వారా ఎక్కిస్తే అది నూటికి ఐదుగురి దాకా తగ్గుతుంది. గుండె మీద భారం పడితే రక్తంలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పెరుగుతుంది కదా, పెద్దవాళ్లకి ఆయాసం వస్తే వెంటనే చేస్తారు. పిల్లలకి ఎందుకు చేయరు? ఐదో రోజు దాటితే తప్పనిసరి చేయాలి, ఇదే నా మాట.

ల్యాబ్_వెంకట్:
బాబు విషయం విని బాధేసింది అమ్మా, కానీ మీ మాట ఒప్పుకోను. దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ రిపోర్టులు రోజూ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఆ పరీక్ష చెప్పేది గుండె కండరం సంగతి, ధమని గోడ సంగతి కాదు. కవాసాకిలో కండరం కూడా వాస్తుంది కాబట్టి చాలామందికి పెరుగుతుంది, కానీ పెరిగిన వాళ్లందరికీ ధమని ఉబ్బదు, పెరగని వాళ్లకి ఉబ్బదనే హామీ లేదు. పైగా నెలల పిల్లలకి మామూలుగానే ఎక్కువ ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇది దాటితే అనుమానించాలి అని అన్ని వయసులకీ పనికొచ్చే గీత ఏదీ లేదు. తక్కువ వచ్చిందని ఇంకో తల్లిని ఇంటికి పంపేస్తే ఎవరిది బాధ్యత?

ఉప్పల్_రమేశ్:
ఎకో ఒక్కటి తీస్తే పోలా?

మియాపూర్_శ్రావణి:
రమేశ్ గారూ, మొదటి డాక్టరు దగ్గర ఎకో మాట ఎత్తితే జ్వరానికి ఎకో ఏంటమ్మా అన్నారు. రక్తపరీక్ష అయితే వీధి చివర తీస్తారు, అందుకే అడుగుతున్నాను. వెంకట్ గారూ, ఒంట్లో వాపు చూపించే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా దేన్నీ ఖాయంగా చెప్పదు కదా, అది మాత్రం అందరికీ ఎందుకు రాస్తున్నారు?

కూకట్‌పల్లి_నాన్న:
ఏది పడితే అది తప్పనిసరి అనకండి. మా పాపకి మామూలు వైరల్ జ్వరానికి పేజీ నిండా పరీక్షలు రాశారు, అన్నీ నార్మల్, నా జీతంలో పెద్ద ముక్క పోయింది. మీరు ఇప్పుడు అందులో ఇంకోటి చేరుస్తున్నారు.

ల్యాబ్_వెంకట్:
సీఆర్‌పీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గుర్తులు పూర్తిగా లేని కవాసాకి అనుమానంలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే గీత డెసిలీటరుకి 3 మిల్లీగ్రాములు. మన ల్యాబ్‌లు ఎక్కువగా లీటరు లెక్కన ఇస్తాయి, అంటే మన కాగితం మీద అది 30. జనం 3 అని చదివి 6 వస్తే కంగారు పడిపోతున్నారు. ఐవీఐజీ ఎక్కించాక ఈఎస్ఆర్ (వాపు చూపించే ఇంకో రక్తపరీక్ష) చూసి భయపడేవాళ్లు ఇంకొందరు. ఆ మందు వల్లే అది పెరుగుతుంది.

మియాపూర్_శ్రావణి:
నేను నా కొడుకు గుండె గురించి అడుగుతుంటే మీరు లీటర్లు, డెసిలీటర్లు అంటారేంటి?

ల్యాబ్_వెంకట్:
ఆ లెక్క తెలియకే పిల్లలు నష్టపోతున్నారు కాబట్టి! మీకు ఏదో ఒక అంకె కావాలి, అది దొరికితే న్యాయం జరిగినట్టు. అలా జరగదమ్మా.

కూకట్‌పల్లి_నాన్న:
వెంకట్ అన్నా, కొంచెం నెమ్మదిగా. ఆమె బిడ్డ సంగతి అది.

పిల్లల_డాక్టర్_సికింద్రాబాద్:
ప్లేట్‌లెట్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ జబ్బులో అవి రెండో వారంలో పైకి వెళ్తాయి. మొదటి వారంలో బాగున్నాయంటే దాన్ని బట్టి ఏమీ తేల్చలేం, ఏడో రోజు దాటాక నాలుగున్నర లక్షలు దాటితే మాత్రం అనుమానం పెరుగుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, లివర్ ఎంజైమ్ పెరగడం, రక్తహీనత, తెల్లకణాలు పెరగడం, మూత్రంలో చీము కణాలు, వీటన్నిటినీ కలిపే చూస్తాం. ఐవీఐజీ ఎవరికి పనిచేయదో ముందే చెప్పడానికి జపాన్‌లో 2006లో ఒక స్కోరు తయారుచేశారు. అక్కడ బాగా పనిచేసిన ఆ లెక్కే ఉత్తర అమెరికా పిల్లల్లో చాలామందిని పట్టుకోలేకపోయింది. మన పిల్లలకి కళ్లు మూసుకుని వాడలేం. రమేశ్ గారూ, మొదటి ఎకో నార్మల్ వచ్చినా జబ్బు లేదని కాదు, వైద్యం చేశాక ఒకటి రెండు వారాల్లోపు ఒకసారి, మళ్లీ నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి తీయాలి.

మియాపూర్_శ్రావణి:
డాక్టరు గారూ, ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే, వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. పెదాలు పగిలి నెత్తురు చెమ్మ. ఒంటి మీద దద్దుర్లు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి పోయాయి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే చూడనే లేదు, వేడి చేసి ఉంటుంది అన్నారు. వేళ్ల చివర్ల తోలు ఊడాక అందరూ నమ్మారు. తల్లి చెప్తే వినరు, కాగితం మీద అంకె ఉంటే వింటారు. అందుకే అంకె అడుగుతున్నాను.

పిల్లల_డాక్టర్_సికింద్రాబాద్:
గుర్తులన్నీ ఒకేసారి కనిపించవు, ఒకటి పోయాక ఇంకోటి వస్తుంది. ఆ ఫోటో చూడాల్సింది. ఏ రక్తపరీక్షకన్నా అదే ఎక్కువ చెప్పేది.

ల్యాబ్_వెంకట్:
శ్రావణి గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ఫోటో చూడని డాక్టరు మీ బీఎన్‌పీ కాగితం మాత్రం సరిగ్గా చదువుతాడని ఎలా నమ్ముతారు? జ్వరం ఎన్నో రోజు, ఏ గుర్తు వచ్చి పోయింది, ఇవి ఓపీ చీటీ మీద రాయడం తప్పనిసరి చేయమని అడగండి, నేనూ మీ వెంట నిలబడతాను. టైటిల్ మార్చండి.

మియాపూర్_శ్రావణి:
చీటీ మీద రాయడం కూడా కలుపుతాను. టైటిల్ మార్చను. రాయమంటే రాయని చోట తల్లి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.