చర్చ: కప్పు మారితే టీ రుచి మారుతుందా?

ప్రశ్న: ఒకే గిన్నెలో కాచిన టీని పింగాణీ మగ్గులోనూ స్టీలు గ్లాసులోనూ పోసుకుని తాగి, మగ్గులోదే బాగుందని మా ఇంట్లో అందరూ తేల్చారు. ఇది నాలుకకు తెలిసే తేడాయేనా, లేక భ్రమా?

మొదటి సమాధానం: భ్రమ అని కొట్టిపారేయలేము గానీ, కారణం మాత్రం చాలామంది అనుకునేది కాదు. పింగాణీ వేడిని నిలుపుతుందని అంటారు. లెక్క వేస్తే వేరుగా తేలుతుంది. గదిలో 25 డిగ్రీలు ఉన్నప్పుడు పావు కిలో బరువున్న మందపాటి మగ్గులో 95 డిగ్రీల టీని 150 మిల్లీలీటర్లు పోస్తే, ఆ మగ్గు తాను వేడెక్కడానికే దాదాపు 18 డిగ్రీలు లాగేసుకుంటుంది. 80 గ్రాముల పలుచని స్టీలు గ్లాసు తీసుకునేది సుమారు 4 డిగ్రీలే. పైగా స్టీలుకు పింగాణీ కంటే ఇంచుమించు పది రెట్లు ఉష్ణవాహకత ఉండటం వల్ల అంచు పెదవిని చురుక్కుమనిపిస్తుంది. నోరు కాలుతుంటే వగరు, తీపి, పరిమళం విడివిడిగా ఎలా తెలుస్తాయి? మగ్గును ముందే వేడినీళ్లతో తొలిచి పోసి చూడండి, దాని గొప్పతనం చాలావరకు తగ్గిపోతుంది.

రెండో సమాధానం: వేడి సంగతి ఒప్పుకుంటాను. అయితే మీ లెక్కలో మట్టి కప్పుకు చోటు లేదు. పైపూత లేని మట్టికి సన్నని రంధ్రాలు ఉంటాయి కనుక అది టీని కొంత పీల్చుకుని, తడిసిన మట్టి వాసనను తిరిగి ఇస్తుంది. అక్కడ కప్పే రుచిలో కలుస్తోంది. ఇనుమూ అంతే, టీకి వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు దానితో కలిసి నల్లబడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద క్రోమియం ఆక్సైడ్ పొర అడ్డుగా ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. (నేను ఎన్నాళ్లుగానో 'స్టీలు వాసన' అనుకున్నది చివరికి అంట్ల సబ్బుదని తేలింది.)

మొదటి సమాధానం రాసినవారు: మట్టి విషయంలో మీ మాటే సరైనది, దాన్ని వదిలేయడం నా పొరపాటు. ప్రశ్న అడిగినవారు మాత్రం రెండు టీలనూ ఒకే వేడికి చల్లారనిచ్చి, పెదవికి అంచు తగలకుండా చెంచాతో రుచి చూడాలి. కళ్లు మూసుకుంటే చాలదు, అది ఏ పాత్రో పెదవే చెప్పేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అలాగే చేశాము. ఏది ఎందులోదో ఒక్కరూ చెప్పలేకపోయారు. మా అమ్మగారు మాత్రం, చెంచాతో పుచ్చుకునేది మందు గానీ టీ కాదని, తన మగ్గు తాను తీసుకుని వెళ్లిపోయారు.