నెల్లూరు, ఒంగోలు ఎంపీలు ఏ బిల్లుకి ఎటు ఓటేశారో చూసేదెలా?

కందుకూరోడు:
మా ఓటు నెల్లూరు సీటుకి, అత్తగారి వాళ్లది ఒంగోలు సీటు. వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి గారు, మాగుంట శ్రీనివాసులు రెడ్డి గారు బిల్లులకి ఎలా ఓటేశారో పక్కపక్కన పెట్టి చూడాలనుంది. ఎక్కడ దొరుకుతుంది?

పెన్నా ఒడ్డు:
అన్నా, చాలా బిల్లులకి అసలు రికార్డే ఉండదు. లోక్‌సభలో ఎక్కువ భాగం మూజువాణి ఓటుతోనే, అంటే అవును, కాదు అని నోటితో చెప్పడంతోనే పాసవుతాయి, ఎవరైనా సభ్యుడు పట్టుబట్టి డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) అడిగితేనే ఎవరు ఎటో పేర్లతో నమోదవుతుంది. రాజ్యాంగ సవరణలకి మాత్రం డివిజన్ తప్పదు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకి అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232 వచ్చాయి కదా, అలాంటివి పార్లమెంటు వారి సంసద్ సైట్‌లో ఆ రోజు చర్చల ప్రతి తీసి వెతకాలి.

కొత్తపట్నం:
దొరికినా తేడా ఏం కనిపిస్తుంది? ఇద్దరూ 2024లో టీడీపీ నుంచి గెలిచినవాళ్లే. విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) దాటితే రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సీటే పోవచ్చు, 1985 నుంచీ ఇదే చట్టం. నన్నడిగితే సభలో వాళ్లు అడిగిన ప్రశ్నలు చూడండి. వెలిగొండ ప్రాజెక్టు గురించి ఎవరు అడిగారు, రొయ్యల రైతుల గురించి ఎవరు అడిగారు, అక్కడ తెలుస్తుంది మనిషి పట్టింపు. చట్టసభల పనితీరుని గమనించే పీఆర్ఎస్ అనే సంస్థ సైట్‌లో ఎంపీ వారీగా హాజరు, ప్రశ్నలు, చర్చలు అన్నీ ఉంటాయి.

కందుకూరోడు:
థ్యాంక్స్ అన్నా, వెలిగొండతోనే మొదలుపెడతా. కానీ డివిజన్ అడిగే హక్కు ప్రతి ఎంపీకీ ఉన్నప్పుడు పెద్ద పెద్ద బిల్లులు కూడా పేర్లు లేకుండా పాసైపోవడం నాకు అస్సలు నచ్చలేదు.